భుజం మీద చెయ్యి

సృజనకు ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట పక్కింటివాళ్లు అంటే కొట్లాటకు పోవచ్చు గానీ, కన్నతల్లి వెంకటవ్వే నలుగురిలో అంటుంది. రుద్రంగిలో తమ ఇంటి అరుగు మీద బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, ఆకు కత్తిరిస్తూ, "మా పిల్ల బువ్వ లేకున్న ఉంటది గని, పక్కపొంటి పిల్ల తింటుంటె సూసుకుంట ఉండలేదు" అని నవ్వుతుంది. చిన్నప్పుడు బడిలో ఎవరికి కొత్త సంచి వచ్చినా ఆ సాయంత్రం సృజనకు జ్వరం వచ్చేది. దొంగ జ్వరం కాదు, చెయ్యి పెడితే కాలే జ్వరం.

అలాంటి పిల్ల కోరుట్లకు పోయి, ఫోటో స్టూడియోలో పని నేర్చుకోవడానికి చేరి, సుస్మిత పక్కన కూర్చోవలసి వచ్చింది. దేవుడికి కూడా అప్పుడప్పుడు వేళాకోళం తోస్తుంది మరి.

స్టూడియో గంగారాంది. బస్టాండు దగ్గరి బిల్డింగులో పై అంతస్తు. ఆ బిల్డింగు సుధాకర్ రావుది. ముత్యంపేట దిక్కు చెరుకు పొలాలున్న పాత దొరల ఇంటి మనిషి ఆయన. ఆయన ఒక్కగానొక్క కూతురు సుస్మిత. డిగ్రీ అయిపోయింది, సంబంధాలు చూస్తున్నారు, ఇంట్లో పొద్దుపోవడం లేదు, వీడియో పని నేర్చుకుంటానని తల్లి ద్వారా అడిగించింది. మన బిల్డింగే కదా అని తండ్రి సరేనన్నాడు. వచ్చిన మొదటి రోజే గంగారాం ఆమెను పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే కొత్త కంప్యూటర్ ముందు, ఏసీ గాలి తగిలేచోట కూర్చోబెట్టాడు. అంతకు ఎంతో ముందు చేరిన సృజన మాత్రం అప్పటికింకా పాస్‌పోర్టు ఫోటోల వెనుక నీలం రంగు నింపుతూ ఉంది. ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తుంటే ఆమెకు కడుపులో నిజంగానే మంట పుట్టింది. వెంకటవ్వ మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టింది.

ఆ ఏళ్లలో స్టూడియోలు బతికిందే పాస్‌పోర్టు ఫోటోల మీద. వానలు లేవు, బోర్లు ఎండాయి, సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు ఒకటొకటే ఆగిపోతున్నాయి. జగిత్యాల నుంచి వచ్చే బస్సుల్లో మూటలు కట్టుకున్న మగవాళ్లే ఎక్కువ. కొందరు బొంబాయికి, కొందరు దుబాయికి. వెళ్లే ముందు పాస్‌పోర్టు ఫోటో దిగేవారు. వెళ్లిన తర్వాత వాళ్ల ఇంటి ఆడవాళ్లు అదే ఫోటో పట్టుకుని వచ్చి, "మా ఆయనను గీ ఫోటోల కలుపుండ్రి" అని అడిగేవారు. పెళ్లికి రాలేని అన్న, పేరు పెట్టే రోజుకు లేని తండ్రి, అందరూ గంగారాం కంప్యూటర్లోనే ఊరికి వచ్చి కుటుంబంతో నిలబడేవారు.

ఈ అతికించే పనిలో చిక్కు ఒకటుంది. పాస్‌పోర్టు ఫోటోలో మనిషి ఛాతీ దాకానే ఉంటాడు. మిగతా ఒళ్లు ఎక్కడినుంచి తేవాలి? అందుకని గంగారాం "బాడీలు" అని ఒక ఫోల్డర్ పెట్టాడు. అందులో తల లేని ఒళ్లు కొన్ని ఉండేవి. ఒకటి సఫారీ, ఒకటి సూటు, ఒకటి తెల్ల చొక్కా. ఆ తెల్ల చొక్కా ఒళ్లు గంగారాం బావమరిదిది. జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ఎన్ని ఇళ్ల గోడల మీద ఆయన ఎవరెవరి తలలతోనో నిలబడి ఉన్నాడో ఆయనకే తెలియదు.

ఆ ఫోల్డర్ దాటి ఏ కస్టమరు ఫోటో నుంచీ గోరు కూడా తియ్యరాదన్నది గంగారాం పెట్టిన నియమం. ఇదివరకు పని నేర్చుకున్న ఒకతను ఒక పెళ్లికూతురి పట్టుచీరను కత్తిరించి ఇంకొక పెళ్లికూతురికి తొడిగితే, రెండు కుటుంబాలూ వచ్చి షట్టరు ముందు జుట్లు పట్టుకున్నాయి. అతన్ని ఆ రోజే ఇంటికి పంపించాడు. "ఎవలన్న గా పని చేస్తె, సొంత బిడ్డ అయినా సరే, మెట్లు దిగుడే" అనేవాడు. పెళ్లిళ్ల సీజనుకు ఇద్దరిలో ఒకరిని జీతం మీద పెట్టుకుంటానని కూడా అన్నాడు. బిల్డింగు ఎవరిదో తెలిసినవాళ్లకు ఆ కుర్చీ ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. అయినా సృజన ఆశ చంపుకోలేదు. ఈ పని పోతే ఆమెకు మిగిలేది తల్లి ఒళ్లోని బీడీల చాటే, ఆ చాటంటే ఆమెకు ప్రాణం మీదికి వచ్చేది.

సుస్మితను ఏమని పిలవాలో సృజనకు తెలిసేది కాదు. మీరు అనడానికి నోరు రాదు, నువ్వు అనడానికి ధైర్యం చాలదు. అందుకని అవసరమైతే గాలిని అడిగినట్టు "గా స్కానర్ ఖాళీయేనా" అని అడిగేది. సుస్మిత మీద ఆమెకు ఉన్న కుళ్లు ఏసీ కోసమని, కొత్త కంప్యూటర్ కోసమని గంగారాం అనుకున్నాడు. మొదట్లో సృజన కూడా అలాగే అనుకుంది.

అసలు సంగతి సాయంత్రాలు తెలిసేది. ఐదు కొట్టేసరికి కింద రోడ్డు మీద తెల్ల కారు వచ్చి ఆగేది. హారన్ రెండుసార్లు మోగేది. కిటికీలోంచి చూస్తే సుధాకర్ రావు స్టీరింగు పట్టుకుని ఎదురుచూస్తూ కనబడేవాడు. ఎండైనా ముసురైనా డ్రైవర్ని పంపలేదు, తానే వచ్చేవాడు. సుస్మిత కంప్యూటర్ ఆపి, బ్యాగు తీసుకుని, ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా దిగి వెళ్లేది. కిటికీ ఊచలు పట్టుకుని సృజన ఆ కారు మలుపు తిరిగేదాకా చూసేది. తన కోసం ఎవరూ రాకపోయినా ఫరవాలేదు, ఆమె కోసం మాత్రం రాకుండా ఉంటే బాగుండును అనిపించేది. ఇంత చెడ్డ కోరిక తనకే పుట్టిందని సిగ్గు కూడా పడేది. సిగ్గుపడి మర్నాడు మళ్లీ చూసేది.

సృజన తండ్రి రాజలింగం ఈతచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. కరువుకు వనం ఎండిపోయింది. మోకు, కత్తి అటకెక్కించి దుబాయి వెళ్లినప్పుడు సృజన ఐదో తరగతి. అక్కడ కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉండిపోయింది. కాగితాలు లేకుండా అక్కడా ఇక్కడా దొరికిన పని చేసుకుంటున్నాడు. అలా తిరిగేవాళ్లను ఊళ్లో కల్లివెల్లి అంటారు. వస్తే పట్టుబడతాడు, రాకపోతే ఇలాగే ఉంటాడు. శుక్రవారం సెలవు గనక ఆ రోజు ఫోన్ చేసేవాడు. సృజన స్టూడియో మెట్ల మీద కూర్చుని మాట్లాడేది. ఏం కూర తిన్నావు, బస్సులో సీటు దొరుకుతోందా, అవ్వ కళ్లు ఎట్లున్నాయి, ఇవే మాటలు. ఒక శుక్రవారం ఆయన, "బిడ్డా, మీ అవ్వ, నువ్వు, నేను ముగ్గురం ఉన్న ఫోటో ఒక్కటి లేకపాయె. గా పని నేర్సుకున్నవ్ గద. ఒకటి చేసి రామస్వామితోని పంపు. రూముల పెట్టుకుంట" అన్నాడు. రామస్వామి వాళ్ల వాడకట్టు మనిషే, సెలవు అయిపోయి ఆ వచ్చే వారమే తిరిగి వెళ్తున్నాడు.

గంగారాం వెంకటవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, పక్కన సృజనను నిలబెట్టి ఫోటో తీసి ఇచ్చాడు. ఇక తండ్రిని కలపడమే మిగిలింది. ఉన్నది వెళ్లేముందు దిగిన పాస్‌పోర్టు ఫోటో. కళ్లు మూయొద్దని ఎవరో చెబితే ఆయన రెండు కళ్లూ పెద్దవి చేసుకుని, ఇంకా ఆ మాటే పాటిస్తున్నట్టు ఉన్నాడు. సృజన బాడీల ఫోల్డర్ తెరిచింది. తెల్ల చొక్కా చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. సఫారీ చేతులు వెనక్కి కట్టుకుని ఉంది. ఏ ఒంటి మీద తండ్రి తల పెట్టినా పోలీసుస్టేషన్లో నిలబెట్టినట్టే ఉంది. కొన్నేళ్ల తర్వాత కూతురి పక్కకు వచ్చిన మనిషి అలా నిలబడడు అనిపించింది.

సరిగ్గా ఆ వారమే సుధాకర్ రావు కూతురితో కలిసి ఫోటో దిగాడు. సంబంధం వాళ్లకు చూపించడానికట, తర్వాత హాల్లో పెద్ద ఫ్రేము కట్టించడానికట. దాని ముఖాలు నున్నగా చేసే పని సృజన మీదే పడింది. సగం రోజు ఆమె దాని ముందు కూర్చుంది. సుధాకర్ రావు కుడిచెయ్యి సుస్మిత ఎడమ భుజం మీద ఉంది. పచ్చని పొడుగు వేళ్లు, ఒక ఉంగరం. సృజన ఆ చేతిని తెర నిండా అయ్యేంత పెద్దది చేసి చూసింది. మచ్చ ఒకటీ లేకపోయినా చూస్తూనే ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు, ఈమెకు పొరుగింటి తండ్రి రుచి పట్టుకుంది.

మధ్యాహ్నం గంగారాం అన్నానికి ఇంటికి వెళ్లాడు. సుస్మిత చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఎవరిదో అప్పగింతల పాట కత్తిరిస్తోంది. సృజన ఆ చేతిని, ఆ చేతితో పాటు మొత్తం ఒంటిని, మెడ నుంచి చెప్పుల దాకా కత్తిరించి తన ఫోటోలోకి తెచ్చుకుంది. దొర మెడ మీద కల్లు గీసేవాడి తల పెట్టింది. కాలరు వెడల్పైంది, తగ్గించింది. చొక్కా రంగు మార్చింది. చేతి రంగు తండ్రి ముఖం రంగుకు వచ్చేదాకా నలుపు చేసింది. కోరుట్లలో ప్రతివాడూ తెల్లగా చెయ్యమని అడిగేవాడే గానీ, తెల్లటి దొరను నల్లగా చేసిన మనిషి ఈమె ఒక్కతే అయి ఉంటుంది. ఉంగరం చెరిపేసింది.

అంతా అయ్యాక కూడా చెయ్యి భుజం మీద ఉన్నట్టు అనిపించలేదు. తేలుతోంది. సుస్మిత ఫోటో తెరిచి చూస్తే అందులోనూ వేళ్ల కింద బట్ట సాఫుగానే ఉంది. ఫ్లాష్ ఎక్కువై ముడతలు పోయాయి కాబోలు అనుకుని, తన చున్నీ మీద వేళ్ల కింద తానే ముడతలు గీసింది. చిన్న నీడ పెట్టింది, బట్టను కొద్దిగా లోపలికి లాగింది. అప్పుడు రాజలింగం చెయ్యి వచ్చి కూతురి భుజం పట్టుకుంది. సృజన ఏడుపు ఆపుకోవడానికి బాత్రూంలోకి పోయి ముఖం కడుక్కుంది.

పెద్ద ప్రింట్లు స్టూడియోలో తియ్యరు. సీడీలో వేసి, బస్సు పార్సిల్లో కరీంనగర్ ల్యాబుకు పంపుతారు. మర్నాడు ప్యాకెట్ తిరిగి వస్తుంది. ప్యాకెట్ విప్పి చూసేది ఎప్పుడూ సృజనే. ఆ ధైర్యంతోనే దొర ఫోటో, తన ఫోటో ఒకే సీడీలో పంపించింది. దొంగతనం చేసేవాళ్లకు దేవుడు తెలివి ఇస్తాడు గానీ, బస్సుల మీద అధికారం ఇవ్వడు. మర్నాడు కథలాపూర్ దాటాక ఆమె బస్సు టైరు పగిలింది. ఆమె స్టూడియో మెట్లు ఎక్కేసరికి మధ్యాహ్నం దాటింది, ప్యాకెట్ విప్పి ఉంది. గంగారాం జగిత్యాలలో పెళ్లి షూటింగుకు వెళ్లాడు. సుస్మిత ఒక్కతే ఉంది. బల్ల మీద రెండు ప్రింట్లూ పక్కపక్కన పరిచి, ఒక్కొక్క చేత్తో ఒక్కొక్కటి పట్టుకుని వంగి చూస్తోంది.

"గీ చిటికెన వేలు మా డాడీది" అంది సుస్మిత, తల ఎత్తకుండా.

సృజన చూసింది. చిటికెన వేలు మొదటి కణుపు దగ్గర బయటికి వంగి ఉంది. రెండు ఫోటోల్లోనూ. అంత పెద్దది చేసి అంతసేపు చూసిన కంటికి ఆ వంకర అలవాటైపోయి, వేలంటే అలాగే ఉంటుంది అనిపించింది తప్ప తట్టలేదు.

"అందరి వేళ్లు గట్లనే ఉంటయ్" అంది. అనేటప్పుడు ఆమె చెయ్యి తెలియకుండానే తన ఎడమ భుజం మీదికి పోయింది. గుమ్మడికాయల దొంగ సామెత ఊరికే పుట్టలేదు.

"చిన్నగున్నప్పుడు చెరుకు బండి చక్రం కింద పడ్డదట. సక్కగ రాదు. గీ ఏరియాల గిట్లాంటి వేలు ఇంకొకలకు లేదు."

సృజనకు గంగారాం వచ్చాక ఏం జరుగుతుందో అంతా కళ్ల ముందు కనబడింది. మెట్లు దిగడం, బస్సు, అరుగు, బీడీల చాట. ఎటూ పోయేదే అనుకున్న తర్వాత ఇన్నాళ్లు దాచుకున్నదంతా నోటికొచ్చేసింది.

"అవ్, మీ నాయిన చెయ్యే. నేనే తీసిన. నువ్వు రోజు సాయంత్రం కార్ల పోతవ్. నేను కిటికీకాడ నిలబడి సూస్త. నాకు కడుపుల మండుతది. మీ నాయిన ఒక్కరోజన్న రాకుంటె మంచిగుండు అని మొక్కుకున్న గూడ. మా నాయిన నన్ను సూసి ఎన్నేండ్లాయెనో. నీకు రోజు ఉండే చెయ్యి, నాకు ఒక్క ఫోటోల ఉంటె నీదేం పోతది?"

మొదటిసారి నువ్వు అందని ఇద్దరిలో ఎవరూ గమనించలేదు. సుస్మిత కోపం తెచ్చుకోలేదు. సృజన ఫోటో మీదికి ఇంకా వంగి, భుజం దగ్గర గోరు పెట్టింది.

"గీ ముడుతలు ఏడికెళ్లి వచ్చినయ్?"

"నేనే గీసిన."

"నా ఫోటోల లెవ్వు."

"ఫ్లాష్ ఎక్కువైతె గట్ల పోతయ్."

"ఫ్లాష్‌తోని గాదు" అంది సుస్మిత. కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఇంటర్లో ఒక పిల్లగాడు నోట్సు ఇవ్వడానికి ఇంటికి వచ్చాడు. అంతే జరిగింది. ఆ రోజు నుంచి తండ్రి ఆమెతో మాట్లాడడం మానేశాడు. ఏదైనా చెప్పాలంటే తల్లితో చెప్పిస్తాడు. కాలేజీకి తానే దింపాడు, స్టూడియోకు తానే వస్తాడు, డ్రైవర్ని కూడా నమ్మడు.

"కార్ల ఎక్కినంక రేడియో పెడ్తడు. ఇల్లు వచ్చేదాంక అదే. మొన్న ఫోటో దిగేటప్పుడు గంగారాం సార్, బిడ్డ భుజం మీద చెయ్యెయ్యుండ్రి సార్ అన్నడు. ఎత్తిండు, గని ముట్టలె. ఫోటో తీసేదాంక గట్లనే గాల్ల పెట్టిండు. నేను మెల్లగ భుజం లేపిన. ఆయన గూడ చెయ్యి లేపిండు."

సృజన సుధాకర్ రావు ఫోటో వైపు చూసింది. ఇప్పుడు తెలిసిన కళ్లకు అది బాగా కనబడింది. వేళ్లకూ బట్టకూ మధ్య సన్నటి వెలుగు గీత ఉంది. ఆ గీతను ఆమె నిన్న చూసింది. చూసి, కెమెరా తప్పు అనుకుంది. తండ్రి తప్పు అయి ఉంటుందని ఆమెకు తోచే దారే లేదు.

"నీకు శుక్రారం ఫోన్ వస్తది గద" అంది సుస్మిత. "మెట్ల మీద కూసోని మాట్లాడ్తవ్. నేను హెడ్‌ఫోన్ పెట్టుకోని పాట ఆపేస్త. ఏం కూర తిన్నవ్ అని అడిగితె నువ్వు ఒక్కొక్కసారి ఇసుక్కుంటవ్. నాకు లేసొచ్చి గా ఫోన్ గుంజుకోవాల్నని అనిపిస్తది. ఏం కూర తిన్ననో నేను చెప్పాల్నని."

తన మీద కుళ్లు పడేవాళ్లు ఈ లోకంలో ఉంటారని సృజనకు ఎప్పుడూ తట్టలేదు. ఆ మాటకు లోపల ఎక్కడో కొంచెం గర్వం కూడా కలిగింది. కలిగినందుకు తనను తానే తిట్టుకుంది.

"గంగారాం సార్‌కు చెప్తవా?" అని అడిగింది.

"చెప్తె నిన్ను పంపించేస్తడు. పంపిస్తె నా పని ఎవలు చేస్తరు?"

"ఏం పని?"

సుస్మిత తన ఫోటోను ఆమె వైపు జరిపింది. "గీ ముడుతలు నాకు గూడ వెయ్యి. మళ్ల ప్రింటుకు పంపుదం. కలర్ మంచిగ రాలేదని సార్‌కు నేను చెప్త. దానికన్న ముందుగాల మీ నాయిన వేలు సక్క చెయ్యి. లేకుంటె మీ అవ్వ గుర్తుపడ్తది."

సృజన కంప్యూటర్ ముందు కూర్చుంది. చిటికెన వేలు సరిచెయ్యడం ఎంతోసేపు పట్టలేదు. దాని మొదట్లో ఒక గీత కూడా పెట్టింది. రాజలింగానికి అక్కడ కల్లు కత్తి తెగిన మచ్చ ఉండేదని ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది. తర్వాత సుధాకర్ రావు ఫోటో తెరిచింది. సుస్మిత కుర్చీ దగ్గరికి లాక్కుని, మోచేతులు బల్ల మీద ఆనించి చూస్తోంది. సృజన వేళ్ల కిందున్న వెలుగు గీతను మూసింది. నీడ పెట్టింది. బట్ట మీద ఒక ముడత, దాని పక్కన ఇంకొకటి. ఇంట్లో అన్నీ ఉన్న పిల్లకు తాను ఏదో ఇవ్వగలగడం ఆమెకు వింతగా ఉంది. కుళ్లు అంతా కడిగేసినట్టు పోయిందని చెప్పలేం, అది అంత తేలిగ్గా వదిలే జబ్బు కాదు. ఇంకా ఏసీ గాలి ఆమె వైపు రావడం లేదు.

కింద హారన్ రెండుసార్లు మోగింది. సృజన చెయ్యి ఆగింది. సుస్మిత లేవలేదు, కిటికీ వైపు కూడా చూడలేదు.

"ఇంకొంచెం గట్టిగ" అంది, తెర మీదనుంచి కళ్లు తియ్యకుండా. "గట్టిగ పట్టుకున్నట్టు చెయ్యి."

హారన్ మళ్లీ మోగింది. సృజన మౌసు నొక్కి పట్టుకుని, ఆ భుజం మీది బట్టను ఇంకొంచెం లోపలికి లాగింది.